పైడి జైరాజు గారి నట జీవితము

పైడి జైరాజు గారు 1909వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన కరీంనగరములో జన్మించిరి. 2000వ సంవత్సరము ఆగస్టు 11వ తేదీన బొంబాయిలో దివంగతులైరి. ఈ రెండు తేదీల నడుమ నున్నది తొంబది యేండ్ల జీవితము. అందులో అరువది యేండ్లకు మించిన కాలమును వారు చలనచిత్రములలో నటించుటయందే గడపిరి. మాటలు లేని బొమ్మల కాలమున పనికి కుదిరి, మాటలు వచ్చి, రంగులు వచ్చి, తుదకు ఇంటింట టెలివిజను పెట్టెలు వచ్చిన దాక ఒక్క వృత్తినే పట్టుకొని నిలిచినవారు లోకమున అరుదు. చలనచిత్ర రంగమున భారత ప్రభుత్వము వారిచ్చు మిక్కిలి గొప్ప గౌరవము దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము. 1980వ సంవత్సరపు పురస్కారము జైరాజు గారికి లభించినది.

ఇంతటివారు మన కరీంనగరమువారని మన బాలబాలికలలో నెందరికి తెలియును? మేము జగిత్యాలలో పుట్టి పెరిగితిమి. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదువు ముగిసిన పిదప కొంతకాలము కోరుట్లలో పని చేసి, ఇప్పుడు సిరిసిల్లలో తెలుగు బోధించుచున్నాము. ఈ మూడు పట్టణములును 2016వ సంవత్సరము దాక కరీంనగరము జిల్లాలోనివే. మూడు చోట్లను తరగతులలో ఈ పేరు చెప్పి చూచితిమి. ఎఱిగిన బాలుడు ఒక్కడును కానరాలేదు. 'షోలే' పేరు వినని బాలుడును ఒక్కడు లేడు. ఆ చిత్రమున పోలీసు కమిషనరు వేషము ధరించిన పెద్దమనిషి మన జిల్లావాడే యని చెప్పినప్పుడు మాత్రము వెనుక బల్లలవారు కూడ తలలెత్తిరి. కనుక ఈ సంచికలో వారిని గూర్చి నాలుగు మాటలు వ్రాయ బూనితిమి.

పాఠశాల సంచికలో సినిమా నటుని కథ యేల యని తల్లిదండ్రులలో కొందరికి సందేహము కలుగవచ్చును. మేము సినిమాలను అంతగా మెచ్చువారము కాము. పరీక్షల ముందటి రాత్రులను అవి మ్రింగివేయుట మేమెఱుగుదుము. ఇప్పుడు చేతిలోని ఫోనులోనే అవి రేయింబవళ్ళు దొరకుచున్నవి. అయినను మన పొరుగున పుట్టిన యొక యువకుడు ఇల్లు విడిచి పోయి, తన తల్లి నేర్పని భాషలో, తానెఱుగని పట్టణమున, జీవితమంతయు ఒక పనిని చేసిన తీరు మన పిల్లలు తెలిసికొనదగినదే. మరియొక కారణము కూడ కలదు. అది సిరిసిల్లలోని యొక తండ్రికి సంబంధించినది. దానిని పిమ్మట చెప్పెదము.

జైరాజు గారు పుట్టిన నాటికి కరీంనగరము నైజాము రాష్ట్రములోని యొక చిన్న పట్టణము. దానికి రైలు లేదు. పల్లెలలో వేడుక యన్న చిందువారి భాగోతము, ఒగ్గువారి కథ, జాతర నాటి గారడి, అంతియే. రాజభాష ఉర్దూ. కచేరీలో అర్జీ పెట్టుకొనుటకైనను పై తరగతుల చదువునకైనను అదియే దిక్కు. జైరాజు గారు హైదరాబాదునకు పోయి నిజాం కళాశాలలో చదివిరి. ఆ కళాశాల ఆ దినములలో మదరాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధమై యుండెను. బోధన ఇంగ్లీషున జరుగుచుండెను. ఇంట తెలుగు, వీధిలో ఉర్దూ, తరగతిలో ఇంగ్లీషు. ఈ మూటిలో వారికి అన్నము పెట్టినది రెండవది.

తెలుగు చెప్పుకొని బ్రతుకు మాకు ఈ మాట వ్రాయుట కొంచెము కష్టముగానే యున్నది. 1921వ సంవత్సరము నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధినిలో జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వేంకటరామారావు గారు తెలుగున మాటలాడ నారంభింపగా సభలోని కొందరు గేలి చేసిరి. ఆ యవమానమే ఆంధ్ర జనసంఘము పుట్టుటకు కారణమైనది. తెలంగాణమున కవులే లేరన్న యాక్షేపణకు బదులుగా సురవరము ప్రతాపరెడ్డి గారు 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరింపవలసి వచ్చినది. అట్టి కాలమున ఉర్దూ మన పిల్లలపై బరువుగా పడిన మాట నిజము. జగిత్యాలలో మా తాతగారు ఉర్దూలోనే చదివిరి. కడ దాక తెలుగున ఉత్తరము వ్రాయవలసి వచ్చినచో ఒత్తుల కడ తడుముకొనెడివారు. ఈ కష్టమును మేమెన్నడును తేలికగా చూడలేదు. కాని ఆ భాషయే కరీంనగరపు యువకునికి బొంబాయిలో త్రోవ చూపినదన్నదియు నిజమే. రెండు నిజములను ఒక్క వాక్యమున ఇముడ్చుట మా చేత గాకున్నది.

ఆ యువకుడు బొంబాయి చేరి చిత్రములలో పనికి కుదిరినది 1929లో. మన ప్రాంతమువారికి ఆ త్రోవ క్రొత్తది కాదు. తెలంగాణము నుండి పోయి ఆ నగరమున ఇండ్లు కట్టిన కూలివారిని అచటివారు కామాఠీలనిరి. ఆ పేరిట నొక పేటయే వెలసినది. సిరిసిల్ల పద్మశాలీలు భివండికిని, షోలాపురమునకును, బొంబాయి మిల్లులకును నేతపనికై పోయి, తరతరములుగా అచటనే నిలిచిపోయిరి. మేము కోరుట్లలో నున్న దినములలో మా యద్దె యింటికి ఎదుటనే సాయంకాలము బొంబాయి బస్సు ఆగెడిది. సకినాల డబ్బాలు, మామిడికాయ తొక్కు సీసాలు, పాత చీరలో గట్టిన బొంతలు పైకెక్కుచుండెడివి. బస్సు కదలిన పిమ్మట కూడ తల్లులు కొంతసేపు ఆ ధూళిలోనే నిలిచియుండెడివారు. ఆ బస్సు లేని కాలమున జైరాజు గారు హైదరాబాదులో రైలెక్కి పోయి యుందురు; పని కొరకు పోయినవాడే గదా యితడును అని మాకు తోచును. మగ్గము బదులు కెమెరా ముందు నిలువబడెను, అంతమాత్రమే భేదము.

1929లో 'జగ్మగ్తీ జవానీ' యను మూకీ చిత్రముతో వారి పని ఆరంభమైనది. తరువాత 'రసీలీ రాణీ' మొదలగు వానిలో నాయకపాత్రలు లభించినవి. మూకీ చిత్రమన నేమో నేటి పిల్లలకు చెప్పవలెను. తెరపై బొమ్మ కదలును గాని మాట వినబడదు. నడుమ నడుమ నల్లని పలకపై తెల్లని యక్షరములతో సంభాషణ కనబడును. చదువు రానివారికి ఒక మనిషి తెర ప్రక్కన నిలిచి బిగ్గరగా చదివి వినిపించును. కొన్ని చోట్ల హార్మోనియము, తబలా కూడ నుండెడివి. ఇట్టి చిత్రములలో నటునికి కావలసినది దేహము. గుఱ్ఱమెక్కవలెను, కత్తి త్రిప్పవలెను, గోడ దుమకవలెను, కోపమును కనుబొమ్మలతో చూపవలెను. జైరాజు గారిది దృఢమైన శరీరము, నిలువెత్తు విగ్రహము. ఇంటిలో ఏ భాష మాటలాడువాడైనను ఈ పని చేయవచ్చును. తెరకు భాష లేదు గనుక నటునికి దేశమును లేదు.

ఈ సందర్భమున దూరదేశపు ముచ్చట యొకటి చెప్పెదము. ఐరోపాలో డెన్మార్కు అను చిన్న దేశము కలదు; తరంగంబాడిలో వర్తకశాల నెలకొల్పిన డేనుల దేశమే యది. అప్పటి జనాభా నలువది లక్షలకు మించదు. అయినను ఆ దేశమువారు 1906లో నొక చిత్రనిర్మాణ సంస్థను స్థాపించి, కొలది యేండ్లలోనే తమ బొమ్మలను లోకమంతటను అమ్మజొచ్చిరి. ఆస్టా నీల్సన్ అను డేనిష్ నటి 1910లో 'అగాధము' అను చిత్రమున నటించి, మరుసటి యేడు జర్మనీకి పోయి, ఐరోపా అంతటను పేరు పొందినది. ఆమె మాటలాడు భాష ఎవ్వరికి కావలెను? కన్నులు చాలును. అంతలో మాటల చిత్రములు వచ్చినవి. 1932లో ఆమె యొక్క టాకీలో మాత్రమే నటించినది. అటు తరువాత తెరకు దూరమైనది. ఆమె తోడనే ఆ చిన్నభాష చిత్రములు కూడ తమ దేశపు ఎల్లలలోనికి ముడుచుకొనిపోయినవి. లోకమున నెందరో నటులకు ఆ యేండ్లలో ఇట్టి గతియే పట్టినది.

మన దేశమున ఆ మార్పు 1931వ సంవత్సరము మార్చి 14వ తేదీన వచ్చినది. ఆనాడు బొంబాయిలో 'ఆలం ఆరా' విడుదలయ్యెను. అందు నాయకుడు మాస్టర్ విఠల్. మూకీలలో అతనికి మించిన వీరుడు లేడు. కాని ఉర్దూ పలుకుట అతనికి రాదు. అందుచేత చిత్రమున చాలభాగము అతని పాత్ర మైకములో నున్నట్లు కల్పించి మాటలు తగ్గించిరని చెప్పుదురు. మూకీల రాణి యని పేరొందిన సులోచన కూడ హిందుస్తానీ నేర్చుకొనుటకై కొంతకాలము తెర విడువవలసి వచ్చినది. నిన్నటి దాక దేహముతో పని చేసినవారిని నేడు నాలుక చూపుమనిరి. గుఱ్ఱపుస్వారీ ఆరునెలలలో నేర్పవచ్చును. పలుకుబడి యట్లు రాదు.

జైరాజు గారికి ఆ భయము లేకపోయెను. హైదరాబాదు వీధులలో వచ్చిన ఉర్దూ వారి నోట నిలిచియున్నది. 1932లో వచ్చిన 'షికారీ' వారి తొలి టాకీ. మూకీలలో తోడి నటులెందరో వెనుకబడగా వీరు ముందునకే సాగిరి. మఱి యొక విశేషము: ఆ 1932లోనే తెలుగువారి మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద'యు బొంబాయిలోనే తయారైనది. ఒక నగరమున ఒక వంక తెలుగు తెరపై నోరు విప్పుచుండెను. మఱియొక వంక తెలుగు తల్లి కన్న నటుడు ఉర్దూలో సంభాషణలు చెప్పుచుండెను. వారి కీర్తి యంతయు ఆ రెండవ వంకనే పెరిగినది.

శిక్షణ కళాశాలలో మాకు పఠనమునకు ప్రత్యేకముగా మార్కులుండెడివి. ముప్పదిమంది యెదుట నిలిచి యొక పుట బిగ్గరగా చదువవలెను. వెనుక గోడ కడ కూర్చున్న యాచార్యులు చేయి యెత్తినచో వినబడలేదని గుర్తు. అప్పుడది వట్టి తంతు అనుకొనువారుండిరి. ఇప్పుడు మా తరగతులలో శ, ష, స లను ఒక్కటిగా పలుకు పిల్లలను, గొంతు పెగలక గొణుగు పిల్లలను చూచుచుండగా, నోరు విప్పుట నేర్పుటయే చదువులో సగపాలని తోచుచున్నది. మార్కులు తొంబది దాటిన బాలుడు సభలో రెండు మాటలు చెప్పుమన్నచో చెమటలు గ్రక్కుచున్నాడు. జైరాజు గారి కథలో మా మనస్సును పట్టినది ఇదియే. ఆనాటి వారి రూపమెట్టిదో ఛాయాచిత్రములు చూచిన తెలియును. కాని 1931లో వారిని కాపాడినది రూపము కాదు.

తరువాతి పదునైదేండ్లు వారికి నిండు కాలము. 1934లో హిమాంశు రాయ్ గారును దేవికారాణి గారును నెలకొల్పిన బాంబే టాకీస్ అను సంస్థ ఆ దినములలో మిక్కిలి పేరు గన్నది. అచట నటులు నెలజీతములపై పని చేసెడివారు. ఉదయము వేళకు రావలెను, పని యున్నను లేకున్నను. దర్శకుడు ఫ్రాంజ్ ఆస్టెన్ అను జర్మను దేశీయుడు. ఆయన 1938లో తీసిన 'భాభీ' చిత్రమున జైరాజు గారే నాయకుడు. మరుసటి యేడు యుద్ధము రాగా ఆ జర్మనులను ప్రభుత్వము నిర్బంధించెను. 1943లో వచ్చిన 'హమారీ బాత్' దేవికారాణి గారు నటించిన కడపటి చిత్రము. అందు ఆమె సరసన నాయకుడు మన కరీంనగరమువారే. 1945లో అదే సంస్థకు వారు 'ప్రతిమ' యను చిత్రమునకు దర్శకత్వము వహించిరి. దాని నాయకుడు అప్పటికి ఒక్క చిత్రమున మాత్రమే నటించిన యొక పెషావరు యువకుడు. అతడే పిమ్మట దేశమంతయు కొనియాడిన దిలీప్ కుమార్.

1951లో వారు స్వయముగా 'సాగర్' అను చిత్రమును నిర్మించిరి. నర్గిస్, భారత్ భూషణ్ అందు ముఖ్యపాత్రలు. కథకు ఆధారము ఇంగ్లీషు కవి టెన్నిసన్ 1864లో ప్రకటించిన 'ఈనాక్ ఆర్డెన్' కావ్యము. ఆ కథ మన పెద్ద తరగతుల పిల్లలకు చెప్పదగినది. ఈనాక్ అను నావికుడు భార్యాబిడ్డల పోషణకై దూరసముద్రమునకు పోవును. ఓడ పగిలి యొక దీవిలో చిక్కి, పదియేండ్లకు పైగా తిరిగి రాలేకపోవును. ఇచట భార్య యెదురుచూచి యెదురుచూచి, భర్త మరణించెనని నమ్మి, చిన్ననాటి స్నేహితుని వివాహమాడును. ఈనాక్ తిరిగివచ్చి, ఒక రాత్రి కిటికీ వెలుపల నుండి ఆ క్రొత్త సంసారమును, ఎదిగిన తన బిడ్డలను, వారి సంతోషమును చూచును. లోనికి పోడు. తానెవ్వరో చెప్పడు. మరణశయ్యపై మాత్రమే ఆ రహస్యము బయటపడును.

ప్రపంచములోని కథలన్నింటిలో తన డబ్బు పెట్టి తీయుటకు వారు ఈ కథనే యేల యెన్నుకొనిరో! జగిత్యాలలోను కోరుట్లలోను ఈ కథను మేము తరగతిలో చెప్పినప్పుడు కలిగిన నిశ్శబ్దము ఇంకను జ్ఞాపకమున్నది. ఆ తరగతులలో తండ్రి దుబాయిలోనో, మస్కటులోనో, సౌదీలోనో యున్న పిల్లలు సగమునకు తక్కువ యుండరు. తండ్రిని ఫోను తెరపై మాత్రమే యెఱిగిన బిడ్డలు కొందరు. హాజరు పట్టీలో తండ్రి సంతకము కావలసినచోట తల్లి వ్రేలిముద్రయో, తాత సంతకమో యుండును. "సారూ, ఈనాక్ లోపలికి ఎందుకు పోలేదు?" అని యొక బాలిక యడిగినది. ప్రక్కనున్న బాలిక మాకంటె ముందుగనే బదులు చెప్పినది: "పోతే అందరు ఏడుస్తరు గద." ఈ కావ్యమునకు ఇంతకంటె మంచి వ్యాఖ్యానము మేము చదివి యెఱుగము.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మటి పదేండ్లు పదునైదేండ్లలో జైరాజు గారు రాజులు, వీరులు, చరిత్రపురుషుల పాత్రలకు పేరుపొందిరి. 'హాతిమ్ తాయ్' 1956లో, 'టిప్పు సుల్తాన్' 1959లో, 'వీర దుర్గాదాస్', 'లాల్ ఖిలా' 1960లో, 'రజియా సుల్తానా' 1961లో, 'చంద్రశేఖర్ ఆజాద్' 1963లో వచ్చినవి. కిరీటములు, కత్తులు, కోట గుమ్మములు. వీనిని గూర్చి విస్తరించి వ్రాయనక్కరలేదు. ఆ చిత్రములలోని పాటలే నేటికిని మిగిలినవి. కథలు మఱుగున పడినవి.

మాకు వారి జీవితమున అన్నింటికంటె గౌరవింపదగినదిగా తోచుచున్న భాగము దీని తరువాతిది. నాయకపాత్రలు అడుగంటినవి. వయస్సు యాబది దాటినది. అట్టి స్థితిలో పెక్కుమంది నటులు ఇంటికి పోయి, పాత పోస్టర్లు చూచుకొనుచు, లోకము తమ్ము మఱచినదని నిందించుచు కూర్చుందురు. జైరాజు గారు తండ్రి వేషములు వేసిరి, వైద్యుని వేషములు వేసిరి, న్యాయమూర్తి వేషములు వేసిరి. గాంధీ మహాత్ముని హత్యను గూర్చి విదేశీయులు తీసిన 'నైన్ అవర్స్ టు రామా'లో 1963లో ఘనశ్యామదాస్ బిర్లా గారి పాత్ర ధరించిరి. 1966లో 'మాయా' యను మఱియొక ఇంగ్లీషు చిత్రమున నటించిరి. 1975లో 'షోలే'లో ఆ చిన్న పోలీసు వేషము. ఒకనాడు తమ దర్శకత్వమున నిలిచిన కుఱ్ఱవాడు దేశమంతట ఏలుచుండగా, తాము రెండు నిమిషముల పాత్రకు ముఖమునకు రంగు పూసికొని వేళకు హాజరగుట సామాన్యమా?

సిరిసిల్లలో ఉండువారికి ఈ సంగతి వివరింప బనిలేదు. ఇచట నాలుగు సాంచాలకు ఆసామియై, నలుగురికి పని చెప్పినవాడు, నూలు ధర పెరిగి, గుడ్డ అమ్ముడుపోక, సాంచాలను ఇనుము ధరకు తూకము వేసి అమ్ముకొని, మరుసటి నెల పొరుగువాని కార్ఖానాలో కూలికి నిలిచిన సందర్భములు మన కన్నుల యెదుటనే జరిగినవి. కొందరు అది భరింపజాలక ప్రాణములనే తీసికొనిరి. అట్లు గాక, తలవంపు అనుకొనక, ఉదయము టిఫిను డబ్బా పట్టుకొని బయలుదేరు ఆసామిని చూచినప్పుడు మేము నమస్కరింతుము. అతని నేతలో తేడా యుండదు. సాంచా ఎవరిదైనను పోగు తెగిన చోట అతని వ్రేళ్ళు ముడి వేయును. జైరాజు గారి తుది మూడు దశాబ్దముల పని మాకు ఇట్టిదే.

ఫాల్కే పురస్కారము పొందిన తెలుగువారిలో 1974లో బి.యన్. రెడ్డి గారు మొదటివారు; జైరాజు గారు వారి తరువాతివారు. ఎల్.వి. ప్రసాదు గారు, నాగిరెడ్డి గారు, అక్కినేని నాగేశ్వరరావు గారు వీరి వెనుకవారే. అయినను తెలుగు సినిమా చరిత్ర చెప్పువారు పై పేర్లన్నియు చెప్పి వీరి పేరును దాటిపోవుట కలదు. తెలుగు చిత్రములవారు కారు గదా యని వారి సమాధానము. హిందీవారికి వీరు బొంబాయివారు. ఈ రెంటి నడుమ కరీంనగరము వదలిపోయినది. ఇటీవల హైదరాబాదు రవీంద్రభారతిలో చిన్న చిత్రప్రదర్శనశాల యొకదానికి పైడి జైరాజు గారి పేరు పెట్టిరి. క్రొత్తగా సినిమాలు తీయు యువకులు తమ చిన్న చిత్రములను అచట ప్రదర్శించుచున్నారు. అది మంచి పని. మన జిల్లాలలో ఒక పాఠశాల వేదికకైనను, ఒక గ్రంథాలయపు గదికైనను ఆ పేరు పెట్టవచ్చును. ఖర్చు రంగు డబ్బా యొకటి.

ఇక ముందు చెప్పెదమన్న తండ్రి సంగతి. గత సంవత్సరము క్రిస్మసు నాటకములో తొమ్మిదవ తరగతి బాలుడొకడు హేరోదు రాజు వేషము ధరించెను. జ్ఞానులు వచ్చి శిశువును గూర్చి చెప్పినప్పుడు కోపమును లోపల నణచి పైకి నవ్వవలసిన ఘట్టమొకటి యున్నది. మేము నేర్పినది కొంచెమే. ఆ నవ్వు వాడు స్వయముగా తెచ్చికొన్నది. మైదానములోని పెద్దలు కూడ మాటలు మాని చూచిరి. ఆ మఱునాటి నుండి వాడు సినిమాలకు పోదునని ఇంట చెప్పజొచ్చెను. తండ్రి సాంచాలపై పని చేయును. తల్లి బీడీలు చుట్టును. పండుగ సెలవులైన పిదప తండ్రి పాఠశాలకు వచ్చెను. కార్ఖానా నుండి తిన్నగా వచ్చినట్లున్నది. జుట్టున దూది నలుసులు నిలిచియున్నవి.

"సారూ, మావోడు సినిమాలకు పోత నంటున్నడు. మీరే జర చెప్పుండ్రి" అనెను. బాలుని వలదని చెప్పుమనియే ఆయన రాక. మేము జైరాజు గారి సంగతి చెప్పితిమి. కళాశాల చదువు చదివి పోయిన సంగతి, ఉర్దూ వచ్చినందున నిలిచిన సంగతి, పెద్ద వేషములు పోయిన పిదప చిన్న వేషములు వేసిన సంగతి, అరువది యేండ్లకు పైగా పని చేసిన సంగతి. ఎంత సంపాదించిరని ఆయన యడుగునని మేమనుకొంటిమి. ఆయన అది యడుగలేదు.

"మళ్ల ఇంటికి వచ్చిండా సారూ ఆయన?" అని యడిగెను.

ఆయన తమ్ముడు ఇరువదియేండ్ల క్రిందట భివండికి పోయినాడట. మొదట పండుగలకు వచ్చెను, తరువాత పెండ్లిండ్లకు వచ్చెను, ఇప్పుడు చావులకు మాత్రమే వచ్చుచున్నాడట. పిల్లలకు తెలుగు రాదట. జైరాజు గారు బొంబాయిలోనే కన్ను మూసిరని మేము చెప్పితిమి. ఆయన కొంతసేపు మాటలాడలేదు. బల్లపైని సుద్దముక్కను తీసి, చూచి, మఱల పెట్టెను. వలదని చెప్పుమని వచ్చిన తండ్రికి మేము వలదని చెప్పలేదు, పొమ్మనియు చెప్పలేదు. పదవ తరగతి, పిమ్మట ఇంటరు ముగియువఱకు ఆ మాట పక్కన పెట్టవచ్చును గదా యంటిమి. ఆయన తల యూచి లేచెను. గుమ్మము కడ నిలిచి, "ఎట్ల ఉన్న వాడు ఈడ ఉండడు సారూ. సాంచాల మీదికి నేనే రానియ్య. భివండి పోయినా, దుబాయి పోయినా, గా సినిమాలకు పోయినా... హిందీ అయితే మంచిగ నేర్పుండ్రి" అని పోయెను.

జూను నుండి ఆ బాలుడు సాయంకాలము గంట కొట్టిన తరువాత మా హిందీ పండితుని కడ అరగంట నిలుచుచున్నాడు. దినపత్రిక నొక పుట బిగ్గరగా చదువును. వెనుక గోడ కడ మేము కూర్చుందుము. వినబడనిచో చేయి యెత్తుదుము. ఇప్పుడు గొంతు బాగుగనే వినబడుచున్నది. 'ఖ'కారమును 'క'గా పలుకుట మాత్రము ఇంకను మానలేదు.